సుర్మా యాల

తెల్లారుజామున నాలుగూ ముక్కాలు.
ఆదోని స్టేషన్లో ఆ యాలకు ఆగే పాసింజరు రద్దయింది,
జిన్నింగు మిల్లు కూత ఆగి పదకొండేండ్లు.
అయినా మా రేకుల కొట్టంలో
సుర్మా ముందరికాలితో బండను మూడుసార్లు గీరేది.
నాలుగోసారి గీరేలోగా నేను లేయాల్సిందే.

అది మా నాయన పెట్టిన యాల.
నన్నేసాబు జట్కా ఆలూరు రోడ్డు మలుపు తిరిగిందంటే
టీ బంకోడు పాలు పొయ్యి మీద పెట్టేటోడు.
నాలుగూ ముక్కాలకు నీళ్ళు,
అయిదుకు రాత్రి నానేసిన ఉలవలు,
అయిదుంబావుకు కళ్ళెం.
పత్తి వేలం ముగిసినాక
యార్డు గోడ నీడన నిలబడే ఒక కునుకు.
రంజాన్ పండగనాడు నాయన అరగంట ఆలస్యమైతే
బకెట్టును ఒక్క తన్ను తన్నింది.
ఆ సొట్ట బకెట్టుతోనే ఇప్పటికీ నీళ్ళు పెడతాను,
రెండు చెంబులు తక్కువ పడతాయి.

నాయన పోయినాడు.
జట్కా చక్రాలు పాత ఇనుముకు పోయినాయి.
బ్యాండు మేళం రంగముని వచ్చి
సుర్మా పండ్లు చూసి, వీపు నిమిరి
"పెండ్లిగుర్రానికి యాలేందమ్మా" అన్నాడు.
"ఒకనాడు నాలుక్కు పెట్టు, ఒకనాడు ఏడుకు పెట్టు,
ఒకనాడు ఈడ కట్టు, ఒకనాడు ఆడ కట్టు.
గడియారానికి కట్టేసిన గుర్రం
ముల్లు ఆగినరోజే పడిపోతాది."

మేనత్త హుసేన్బీ చాటలో ఉలవలు చెరుగుతా
తల ఎత్తకుండానే చెప్పింది.
"దాని పేగు మనసున్న పేగు, యాల తప్పితే మెలిపడతాది.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు గదే,
దాణా అంటే గింజలొకటేనా,
గింజలొచ్చే గంట కూడా."

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మను అడిగితే
"ఇద్దరూ నిజమే చెప్పినారు" అని
ఉప్పురాయికి చీటీ రాసిచ్చింది.

కోసిగి పెండ్లిలో వరుడు రెండు గంటలు రాలేదు.
జనరేటరు మోత, టపాకాయలు, నెత్తిన గులాబీ కుచ్చు.
రాత్రి ఒంటిగంటకు మేత వేస్తే తిన్నది, నీళ్ళూ తాగింది.
ఇల్లు చేరినాక, నాలుగూ ముక్కాలకు,
తాగిన నీళ్ళ కోసమే మళ్ళీ బండ గీరింది.
నాకు రంగముని మీద కోపమొచ్చింది,
తర్వాత బండ మీద,
తర్వాత, దేవుడు క్షమించాల, నాయన మీద.

ఇంకోసారి ఎమ్మిగనూరు దారిలో వాన.
వంక పారి, రోడ్డు తెగి,
ఎవరిదో మూతబడిన వడ్ల మిల్లులో చిక్కినాం.
ఉలవల్లేవు, బకెట్టు లేదు, బండ లేదు.
ఊరోళ్ళు సగం తడిసిన శెనక్కట్టె ఇచ్చినారు,
భయపడతానే వేసినాను.
రాత్రంతా దాని డొక్కకు చెవి ఆనించి కూచున్నా.
లోపల దూరంగా బండి పోతున్నట్టు గుడగుడ,
అది ఆగితేనే ఆపదని నాయన చెప్పేవాడు.
ఆగలేదు.
నాలుగూ ముక్కాలైంది.
సుర్మా కాలు ఎత్తింది,
బురద చూసింది, నన్ను చూసింది,
గీరకుండానే దించేసింది.
తర్వాత మోకాళ్ళు మడిచి
పక్కకు ఒరిగి, మెడ నేలకేసి,
కాళ్ళు చాపి పడుకుంది.
పద్దెనిమిదేండ్ల గుర్రం
అట్లా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.
చచ్చిందేమో అని ముక్కు కాడ అరచెయ్యి పెట్టినా,
వెచ్చగా తగిలింది.

ఆపొద్దు నుంచి కొన్నాళ్ళు గీరుతాది, కొన్నాళ్ళు గీరదు.
మంచిదో చెడ్డదో నేను తేల్చలేదు.
రంగముని గెలిచినాడని రంగమునికి చెప్పలేదు,
అత్తకు శెనక్కట్టె సంగతే చెప్పలేదు.

నాకే మెలకువ వస్తాది, నాలుగూ ముక్కాలకు.
చీకట్లో కొళాయి తిప్పి, సొట్ట బకెట్టు నింపి,
నిద్రపోయే గుర్రం ముందర నిలబడతా.
లేపను.
చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకుని
కింద పెడతా, చప్పుడు కాకుండా.