ఒప్పయితే ఏమీ అనదు

పెనుమూరు హైస్కూల్లో పదకొండు కంప్యూటర్లు.
తొమ్మిది లేస్తాయి.
ఒకటి మొన్నటి వానల నుంచి నిద్రలోనే ఉంది,
ఇంకొకదాంట్లో బల్లి కాపురం.

ఎనిమిదో తరగతి
చెప్పులు బయట విడిచి
దేవుడి గదిలోకి వచ్చినట్టు వచ్చింది.
మౌసు ముట్టుకుంటే షాకు కొడతాదా మేడం?
కొట్టదు.
కరెంటు పోతే రాసిందంతా యాడికి పోతాది మేడం?
సేవ్ చేసింటే ఉంటాది.
లేదంటే, పలక మీద నీళ్ళతో రాసినట్టే.

మునిచరణ్‌కి లూపు మింగుడు పడలేదు.
"ఎన్నిసార్లు తిప్పాలో మనకే తెలీకపోతే
దానికి ఎట్ల చెప్పేది?"
మీ నాయన గానుగ కాడ పాకం కాస్తాడు గదా,
ఎన్నిసార్లు కలబెడతాడు?
"వచ్చేదాకా."
వచ్చిందని ఎట్ల తెలుస్తాది?
"నీళ్ళలో చుక్క వేస్తాడు. ఉండ కడితే దించేస్తాడు."
అంతే నాయనా,
ఉండ కట్టలేదా, మళ్ళీ కలబెట్టు.
నవ్వుకుంటా పోయి రాశాడు,
చుక్క వేసి చూడడం మాత్రం మరిచిపోయాడు.
స్క్రీను నిండా
కలబెట్టు కలబెట్టు కలబెట్టు
గంట కొట్టినా కలబెట్టు.
ప్లగ్గు పీకాల్సి వచ్చింది.

సున్నా నుంచి ఎందుకు లెక్క పెడతాదని షబ్రీన్.
బస్టాండు నుంచి మీ ఇల్లు ఎంత దూరం?
"రెండు వీధులు."
బస్టాండు నుంచి బస్టాండు?
"సున్నా," అని కాసేపు ఆగి,
"అయితే ముందు నిలబడినోడు సున్నా నంబరోడా? పాపం."
ఆ పీరియడు మిగతా అంతా
వాడి మీద జాలితోనే గడిచింది.

కొన్నిటికి జవాబు నా దగ్గర ఉండదు.
బస్సు టికెట్టు వెనక రాసుకుంటాను,
చిత్తూరు చేరేలోగా ఫోనులో వెతుకుతాను.
రేపు చెప్తానని ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లన్నానో
లెక్క పెట్టడానికి ఒక ప్రోగ్రాం రాయొచ్చు.

హంసవేణి మాత్రం ఏమీ అడగదు.
బల్లి మిషను పక్కన కూర్చుంటుంది.
ఆ రోజు ఏడోసారి సరిచేసి నొక్కింది.
ఎరుపు పోయింది.
ఖాళీ గీత, మిణుకుమిణుకుమంటూ కర్సరు.
"మేడం, తప్పు రాస్తే
ఏ వరసలో, ఏ అక్షరం కాడ అని ఎర్రగా అరుస్తాది గదా,
ఒప్పు రాస్తే ఏమీ అనదేం?"

దానికి అంతే తెలుసు, అనబోయాను.
బల్ల మీద రాత్రి దిద్దిన రికార్డులు,
వాటి మీద నా ఎర్ర పెన్ను.
అడుగు నుంచి ఆ పిల్లది తీసి చూశాను.
రెండు చోట్ల సున్నా చుట్టి, అడ్డంగా గీత కొట్టి ఉన్నాను.
పద్నాలుగు పేజీలు శుభ్రంగా ఉన్నాయి.
ఆ పద్నాలుగింటి మీద
నేనేమీ అనలేదు.

ఒక్క వరస నేర్పాను.
అంతా సరిగ్గా ఉంటే చివర ఏమనాలో
నువ్వే చెప్పు దానికి.
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని,
ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటా
మన మాటే కొట్టింది:
బాగుండాది హంసా.

గంట అయింది. చెప్పుల కోసం తోపులాట.
మిషను ఆపబోయి
ఒకసారి నేనూ నొక్కాను,
పేరు నాది కాకపోయినా.