కిటికీ అంచు

హార్బరులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు.
బడికి సెలవు.
నావి రాత్రి డ్యూటీ దిగిన కళ్ళు.
"నాన్నా, ఏటైనా చేసి చూపించు" అంది కుందన.
కింది వాటా జోజి అప్పటికే స్టూలెక్కి కూచున్నాడు.

పదో తరగతి సైన్సులో
ముప్ఫైరెండు మార్కుల దగ్గర ఆగిపోయినవాణ్ణి.
అయినా వంటింట్లో నన్ను ఫెయిలు చేసేదెవరు,
కనకం తప్ప.

ముందు కోడిగుడ్డు.
గ్లాసు నీళ్ళ అడుగున మొండికేసి కూచుంది.
చెంచాడు ఉప్పు. ఇంకో చెంచా.
అయిదో చెంచాకి
ఒళ్ళు విరుచుకుని నెమ్మదిగా లేచింది.
"నేచిందిరో!" అని జోజి అరిస్తే
కింద వాళ్ళ నాన్న కూడా లేచాడు.
అందుకే సముద్రంలో తేలడం సులువు, అన్నాను,
భీమిలి దగ్గర మునగబోయిన సంగతి మాత్రం మింగేసి.

తర్వాత పసుపు.
పాత బనీను ముక్కకి పట్టించి ఆరబెట్టాం.
సబ్బు వేలితో కుందన తన పేరు రాస్తే
పారాణిలా ఎర్రగా పొంగింది.
నిమ్మచెక్కతో రుద్దితే మళ్ళీ వట్టి పసుపే.
"నా పేరెక్కడికి పోయింది?"
ఎక్కడికీ పోలేదమ్మా, దాక్కుంది, అన్నాను.
నిజమో కాదో నాకూ తెలీదు.

యారాడ నుంచి సీసాలో తెచ్చిన సముద్రాన్ని
మూకుట్లో మరిగించాం.
ఇల్లంతా ఆవిరి. అడుగున తెల్లటి పొర.
కనకం నాలిక మీద రవ్వంత వేసుకుని
"ఉప్పొక్కటే కాదు, చేదు కూడా ఉంది" అంది.
ఆ సంగతి ఏ మాస్టారూ నాకు చెప్పలేదు.

ఆఖరికి, పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం.
పల్చటి గుడ్డ చుట్టి
కిటికీ అంచు మీద దొర్లించమన్నాను.
కనకం రోజూ రెండుసార్లు తుడిచే అంచు.
రోజూ రెండుసార్లు నల్లబడే అంచు.

గుడ్డ దులిపితే కాగితం మీద పొడి రాలింది.
కాగితం కింద అయస్కాంతం జరిపితే
పిల్లి వెన్నులా నిక్కబొడుచుకుంది.
"ఇనుమా! మనింట్లోకి ఎలగొచ్చింది?"

రాత్రంతా బెల్టు పక్కన నిలబడి
ఓడ కడుపులోకి ఖనిజాన్ని పంపినవాణ్ణి నేనే.
నా షిఫ్టు అయ్యేలోపే
అందులో పిడికెడు, సైకిలు లేకుండా,
గేటుపాసు లేకుండా
నాకంటే ముందు ఇల్లు చేరింది.

అంచు మీద అంటని పొడి ఇంకా ఉంది.
"అది బొగ్గు" అన్నాడు జోజి, తెలిసినవాడిలా.
వాళ్ళమ్మ చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర
జ్ఞానాపురంలో ఏనాడూ డాబా మీద ఆరెయ్యలేదు.

అప్పుడు కుందన
ఆ అయస్కాంతాన్ని గౌను మీంచి
గుండెకి ఆనించుకుంది.
ఊపిరి బిగబట్టి కాసేపు చూసి, చెయ్యి వదిలేసింది.
ఠక్కుమని కింద పడింది.
"అంటుకోలేదు నాన్నా."

పరీక్షహాల్లో పట్టని చెమట
నాకిప్పుడు పట్టింది.
అంటుకోదమ్మా, అన్నాను.
ఈ ఒక్క ప్రయోగానికి ఫలితం రాయడం నా వల్ల కాలేదు.

వాళ్ళు మాత్రం రాశారు.
జోజి లెక్కల పుస్తకం వెనకపేజీలో గళ్ళు గీశాడు.
తేదీ. గాలి ఎటునుంచి. పొడి ఎంత.
అంచు మీద తెల్లసాసరు పెట్టారు.
మొదటి గడిలో కుందన
"సముద్రం వైపు నుంచి" అని రాసి
నాలుక బయటపెట్టి కింద గీత కొట్టింది.

అలవాటుగా తడిగుడ్డతో వచ్చింది కనకం.
"తుడవకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.
పదకొండేళ్ళలో మొదటిసారి
ఆ కిటికీ దగ్గర ఆమె చేతులు ఊరుకున్నాయి.
గుడ్డ కొసనుంచి నీళ్ళు చుక్కలుగా కారుతున్నాయి.
బయట వాన మొదలైంది.

కాసేపటికి అడిగింది,
"సరే, ఆ తేలిన గుడ్డునైనా
కూరలో వేసుకోవచ్చా?"