గొడుగు కూలి

కాన్వీ లోయలో, వాగు ఒడ్డున,
బారెడు పొదకి ఐదు నెలలు.
రోజుకి రెండు పెన్నీలు నాకు:
హార్లండ్ దొర కాన్వాసు మీద చినుకు పడకూడదు.

మూడు వెంట్రుకల కుంచె.
ఒక్క ఆకు. దాని ఈనెలు, ఈనెల మధ్య ఉబ్బు,
నత్త కొరికిన కంత.
మర్నాటికి కంత పెద్దదైతే
నత్తని తిట్టుకుంటూ గీకి మళ్ళీ దిద్దేవాడు.
"ఆకుపచ్చ అని ఒక రంగు లేదు, నెస్టా"
అన్నాడొకసారి, ఏదో కనిపెట్టినట్టు.
మా మేకకి ఎప్పుడో తెలుసు.

ఎడమ అంచున ఫెర్న్ ఇంకా పిడికిలి విప్పలేదు.
కుడి అంచుకొచ్చేసరికి తుప్పు పట్టింది.
ఈలోగా మా అమ్మ నా గౌనుకి
ఒక మడత విప్పింది.

సెప్టెంబరులో, ఆయన టీకి లేచినప్పుడు
చివరి బ్లాక్‌బెర్రీ తెంపుకు తిన్నాను.
ఇంకా గీయలేదని తెలుసు. ఆకలి.
తిరిగొచ్చి చూశాడు,
ఊదారంగు నా నాలుక కేసి కాదు,
కొమ్మ కేసి.
చాలాసేపు.
తర్వాత, ఐదు చెవుల ఆ ఖాళీ ముచ్చికని
సాయంత్రందాకా గీశాడు.
ఏ పండుకీ అంత పొద్దు పట్టలేదు.

బొమ్మ లండన్ వెళ్ళింది. నేను వెళ్ళలేదు.
అక్కడ ఎవరి గోడ మీదో
నేను తిన్న పండు
ఇప్పటికీ లేదు.