కొత్తవాడు

రాత్రి అప్‌డేట్ తనంతట తానే వచ్చి కూర్చుంది,
బూట్లు విప్పని చుట్టంలా.
తెల్లవారుజామున నాలుగింటికి క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో
తడి కోటు కుర్చీకి తగిలించి
రోజూ కొట్టే మాటే కొట్టాను: ఆల్దా.
ఆల్దా అంటే అల.
అడ్డుగోడ దగ్గర సముద్రం ఎంత లేస్తోందో
మీటర్లలో చెప్పాలి.

ఆల్దా: అలాంటి కమాండ్ లేదు, అంది.

కిటికీ బయట అది గోడని గుద్దుతూనే ఉంది.

మళ్లీ కొట్టాను, ఒక్కో అక్షరం కూడబలుక్కుని,
పరాయి దేశపు గుమాస్తాకి పేరు చెప్పినట్టు.
లేదు.
నా పేరూ ఆకుపచ్చ రంగూ ఉండే చోట
ఒట్టి శాతం గుర్తు,
గీతకి అటొక సున్నా, ఇటొక సున్నా.

ఆరూ నలభైకి తొలి ఫెర్రీ.
ఐవిండ్ కప్తాన్ కింది నుంచి కేకేశాడు: "ఎంతుంది?"
"అడుగుతున్నా!"

ప్రోగ్రామ్ ఉన్న చోటే ఉంది.
ఇంటి నంబరు, వీధి, గుమ్మం, అన్నీ చెప్పి పిలిస్తే
లేచి, కళ్లు నులుముకుని
"ఏ బోయా?" అని నన్నే అడిగింది.
ఏడేళ్లలో ఒక్కసారీ అడగని ప్రశ్న.

మార్యున్‌కి ఫోన్ చేశాను.
రిటైరై రెండేళ్లు, నిద్ర మాత్రం రిటైరయ్యాక కూడా రాలేదట.
"ఏం పోయిందో వెతక్కు" అంది,
"ముందు అదెవరో అడుగు."
అడిగాను. వేరే పేరు చెప్పింది.
అదే నలుపు, అదే మిణుకు,
లోపల కూర్చున్న షెల్ మాత్రం పాతది కాదు.

మార్యున్ నవ్వింది, దగ్గింది.
"పాతవాడి పేరు మీదున్న ఉత్తరం
కొత్తవాడు విప్పడు. మర్యాదస్తుడు."

పేరుకి ముందు చుక్క పెట్టుకున్న ఫైళ్లు
మామూలుగా అడిగితే కనబడవు.
దాచినవీ చూపించు, అన్నాను.
చంకలో పిల్లాడు దొరికాడు.
రెండు వందల పదమూడు లైన్లు, మధ్య మధ్య ఆమె గొంతు:
"ఇది తియ్యొద్దు. ఎందుకో నాకూ తెలీదు.
తీస్తే మార్చిలో ఫెర్రీ వేళలు గంట జరుగుతాయి."
"ఇది బార్దుర్ కోసం. అతను అన్నీ పెద్దక్షరాల్లోనే కొడతాడు,
చెప్పి చెప్పి విసిగిపోయా."
బార్దుర్ పోయి నాలుగేళ్లు.

కొత్తవాడి కాగితం మీద ఒక్క లైను రాశాను:
పాత ఉత్తరం కూడా చదువు.
ఆల్దా.
సున్నా పాయింట్ ఆరు.

"ఎంత?" అంటున్నాడు ఐవిండ్, అప్పటికే తాడు మీద చెయ్యి.
నోటిదాకా వచ్చింది అంకె.
అప్పుడే కిటికీ అద్దం అదిరింది,
కప్పులో చల్లారిన కాఫీ కూడా.
"ఆగు."

ఎర్రక్షరం ఒక్కటీ లేదు. ఏ ఫిర్యాదూ లేదు.
ఇంత వినయంగా అబద్ధం చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

"లెక్క ఎక్కణ్ణుంచి మొదలెడతాడో చూడు"
అంది మార్యున్, ఇప్పుడు నవ్వకుండా.
పాతవాడు సున్నా నుంచి లెక్కపెట్టేవాడు.
వాడికి ఒకటో నంబరంటే రెండో బోయా, అడ్డుగోడ దగ్గరిది.
వీడు పిల్లల్లాగా ఒకటి నుంచి.
వీడికి ఒకటంటే మొదటిదే:
లోపలి అఖాతంలో, బాతులు నిద్రపోయే చోట ఊగేది.
వీడి తప్పేం లేదు. అడిగిందే చెప్పాడు.

ఒకటిని రెండు చేశాను.
నాలుగు పాయింట్ ఒకటి.

ఐవిండ్ ఏమీ అనలేదు.
తాడు మళ్లీ కొయ్యకి చుట్టి
కాఫీ కోసం పైకొచ్చాడు.

మార్యున్ మాటల కింద నా మాట ఒకటి చేర్చాను:
"అంకె వచ్చాక కిటికీ కూడా చూడాలి."
ఆకుపచ్చ రంగు రేపు చూసుకోవచ్చు.
ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు, అవతల కెటిల్ కూస్తోంది.

ఎందుకో, పెద్దక్షరాల్లోనూ ఒకసారి కొట్టి చూశాను.
పలికింది.