ఒరిజినల్ కాని సీటు

మాండెల్లోలో సరస్సు మీది పొగమంచు ఇంకా లేవలేదు.
ఎర్సీలియా షెడ్డు రేకు తలుపు పైకి నెట్టింది.

జ్యూరిక్ నుంచి వచ్చిన ఉర్స్
పలకరింపు కూడా మరిచి మోకాళ్ల మీద కూలబడ్డాడు.
టార్చి వెలుగులో ఛాసిస్ నంబరు చదివాడు,
కాగితంతో పోల్చాడు, మళ్లీ చదివాడు.
డెబ్బై నాటి మోటో గూట్సీ.
రెండు సిలిండర్లూ చెరో పక్కకి పొడుచుకొచ్చి
నడుం మీద చేతులు పెట్టుకుని
ఎవరితోనో తగువుకి నిలబడ్డట్టుంది.

"అన్నీ కంపెనీవేనా?"
"సీటు కాదు.
బారీ దాకా వెళ్లొచ్చేసరికి నా నడుం పడిపోయింది.
తొలొమేయో తోలు కొనుక్కొచ్చి తనే కుట్టాడు.
వంకరే."

నోటుబుక్కులో ఏదో కొట్టేశాడు ఉర్స్.
ధరే కాబోలు.

స్టార్టర్ నొక్కాడు. దగ్గింది, ఊరుకుంది,
రెండోసారికి అందుకుంది.
యాక్సిలరేటర్ తిప్పగానే బండి
ఒళ్లంతా కుడికి ఒరిగింది, దాని పాత అలవాటు.

గచ్చు మీద, ఇంటి చెప్పుల్లో,
ఎనభై ఒక్కేళ్ల ఎర్సీలియా
తనకు తెలీకుండానే ఎడమకి ఒరిగింది.

"అసలు సీటు నా దగ్గరొకటుంది,"
మర్యాదగా అన్నాడతను,
"దీన్ని విప్పి మీకే పంపిస్తాను."

ఆమె ఏప్రన్ జేబులోంచి
పదమూడో నంబరు పానా తీసి చేతికిచ్చింది.
పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టుంది,
వెచ్చగా.