అర్ధగంట బాకీ

పలమనేరు దాటి కుప్పం రోడ్డులో పోతే
నీలగిరి చెట్ల వెనక రేకుల కొట్టాలు.
తొమ్మిది గుర్రాలు, ఒక బోరు, ఒక గఫూర్ సాబు.

"జీతం లేదు పాపా.
రెండు పూటలా సంగటి,
పండుకోను దాణా గది,
సాయంత్రం అర్ధగంట గుర్రం మీద."
చివరి మాట ఒక్కటే నాకు వినపడింది.

నాలుగున్నరకు లేస్తే
ముందు పలకరించేది వాసన.
పద్దెనిమిది గంపల లద్ది.
గంప నెత్తికెత్తుకుంటే
మెడ మీదికి వెచ్చగా కారేది.
రాత్రి ఉలవలు నానేయడం మరిస్తే
సాబు తిట్టడు,
ఆ పూట తనూ తినడు.
తిట్టుకన్నా అది జేస్తి.

ఎక్కేది ఎప్పుడని అడిగితే
జొన్నమ్మ డెక్క ఎత్తి నా ఒళ్ళో పెట్టినాడు.
"ముందు ఇది చదువు."
రాయి, మేకు, కుళ్ళు, చీలిక.
చదవను నాకు మూడు నెలలు పట్టింది.

మాది కుమ్మరి వీధి.
మునీశ్వరుడి మొక్కు గుర్రాలు చేసే మా తాత కూడా
కాళ్ళనుంచే మొదలుపెడతాడు.
కాళ్ళు ఆరి గట్టిపడందే
కడుపు ఎత్తడు.
ఒకటే తేడా,
మా గుర్రాలు తన్నవు.

జొన్నమ్మకు బెంగుళూరు రేసుల్లో
ఇంకో పేరుండేదంట,
నోరు తిరగని ఇంగ్లీషు పేరు.
నాలుగు పందేలు ఓడి, ఐదోదాంట్లో కాలు మడతపడి
లారీలో వచ్చింది.
ఎడమ పక్కనుంచి పోతే ఇప్పటికీ
చెవులు వెనక్కి పెడతాది.
గొరపం చేతిలో ఉంటే మాత్రం
మెడ వాల్చి, కింది పెదవి వదిలేసి
మా అవ్వ మాదిరి కునికిపాట్లు.

మొదటి అర్ధగంట.
కళ్ళెం ఇయ్యలేదు, కళ్ళు మూసుకోమన్నాడు.
"ఇప్పుడు ఏ కాలు పడతా ఉండాది?"
ముందు ఎడమ అన్నా.
తప్పు.
వెనక కుడి?
తప్పు.
దిగేటప్పటికి తొడలు వణకతా ఉన్నాయి,
గుర్రం ఏమో నిద్ర పోయినట్టే ఉండాది.

ఆదివారాలు బెంగుళూరు కార్లు.
హెల్మెట్లు పెట్టుకున్న పిల్లోళ్ళను ఎక్కించి
పగ్గం పట్టుకొని నడుస్తా.
వాళ్ళ ఫోటోల్లో నా మోచెయ్యి పడతాది.
ఆ పొద్దు నా అర్ధగంట ఉండదు.
వాన పడితే ఉండదు.
లాడాల మనిషి వస్తే ఉండదు.
దాణా గది తలుపు మీద
బొగ్గుతో ఒక్కో గీత గీస్తా ఉంటా.
ముప్పైయొక్క గీతలు.
సాబు చూస్తాడు, ఏమీ అనడు.

కార్తీకంలో ఒక రాత్రి
జొన్నమ్మ తన పక్కలు తానే చూసుకుంటా
కాలితో నేల గీకతా ఉంది.
సాబు దాని కడుపుకు చెవి ఆనించి
చానాసేపు లేవలేదు.
"సప్పుడు లేదు. పండుకోనీకు.
పేగు మెలిపడితే పాయె."
డాక్టరు సూదేసి, నడిపించమని చెప్పి పోయినాడు.

నడిచినా.
బోరు కాడినుంచి గేటు, గేటు కాడినుంచి బోరు.
మంచుకు నీలగిరి చెట్లు కనపడడం లేదు.
దాని ఊపిరి నా భుజం మీద,
నా కోటులో సాబు కోటు.
పండుకోబోతే అరిచినా, బతిమాలినా,
ఒకసారి చెంప మీద కొట్టినా కూడా.
మూడు దాటినాక
నడస్తానే నాకు కళ్ళు మూతలు పడినాయి.
ఉన్నట్టుండి, ఎవురూ అడక్కుండానే,
వెనక ఎడమ. ముందు ఎడమ.
వెనక కుడి. ముందు కుడి.
చెప్పుకోను పక్కన ఎవురూ లేరు.
మళ్ళా లెక్కపెట్టినా.
వెనక ఎడమ. ముందు ఎడమ.

తెల్లారబోయే ముందు గేటు కాడ
జొన్నమ్మ ఆగింది.
తోక ఎత్తింది.

ఆరు నెలలుగా నేను శాపనార్థాలు పెట్టిన లద్ది
పొగలు కక్కతా నేలమీద పడింది.
పార కోసం పోలేదు.
అక్కడే కూలబడి
నవ్వినానో ఏడ్చినానో,
సాబు మాత్రం టోపీ తీసి తల గోక్కొని
"బిన్నా ఎత్తు పాపా, తొక్కతాది" అన్నాడు.

ఆ సాయంత్రం జొన్నమ్మకు విశ్రాంతి,
నాకు మిగిలిన ఎనిమిది కొట్టాలు.
ముప్పైరెండో గీత గీసుకున్నా.
బాకీ బాకీనే కదా.