పది కిలోల కాటా

ఊసవానిపేట గేటు పడిపోనాది.
గూడ్సు బండి ఎంతకీ తెమల్దు.
అటుపక్క కోర్టు, ఇటుపక్క నాను.
జాకెట్లో పన్నెండొందలు,
సేతిలో తమ్ముడి ఆధార్ కార్డు జెరాక్సు.

ఆడు పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే మనిషి.
సైకిలు ఎనక బుట్ట, ముందల కాటా.
ఇరిగిపోన కుర్చీలు, సిల్లుపడిన బిందెలు అని
నాలుగూళ్లు అరుసుకుంటూ తిరిగితే
పొద్దుగూకేసరికి మూడొందలు.
ఆ బుట్టలో రాగి తీగ దొరికినాదంట.
ఎవులిదో బోరు మోటారు ఇప్పేసి ఆడికి అమ్మినారో,
ఆడే ఇప్పినాడో,
నాకు తెల్దు.
తెల్దని సెప్పడానికి కూడా
ఒక మనిషి కావాలంట, నల్లకోటేసుకుని.

బోర్డు మీద నాలుగు డిగ్రీలున్న లాయరు
నా ముఖం సూడకండా సెక్షన్లు సెప్పినాడు.
బెయిలుకి ఇంత, షూరిటీలకి ఇంత, గుమస్తాకి ఇంత.
ఆ ఇంతలన్నీ కూడితే
మా ఇంటిమీద రేకులమ్మినా సాలదు.
"ఆడు దొంగోడు కాదు బావూ" అన్నాను.
"అది తర్వాత సంగతమ్మా" అన్నాడు.
ఎంత తర్వాతో నానడగనేదు.

జెరాక్సు కొట్టు కుర్రోడు సెప్పినాడు,
లోపలికెల్తే ఎడంపక్క గది, లీగల్ ఎయిడ్ అని రాసుంటాదని,
అక్కడ డబ్బులడగరని.
డబ్బులడగని సోట సరుకు ఎలాగుంటాదో నాకు తెల్దేటి?
రేషన్ బియ్యంలో రాళ్లేరిన సెయ్యి ఇది.
అయినా ఎల్లినాను.

పేడాడ సుభాషిణి అంట. నాకన్నా సిన్నది.
కోటుకి బొత్తం ఊడిపోతే పిన్నీసు పెట్టుకున్నాది.
టిఫిన్ డబ్బా మూత తీసినదల్లా మల్లీ మూసేసి
"కూర్చోండప్పా" అన్నాది.
పోలీసు టేసన్లో మూడు రోజులు
గోడకానుకుని నిలబడ్డ కాళ్లు
ఆ మాట ఇని ఏటి సెయ్యాలో తెలక
కాసేపు అలగే నిలబడిపోనాయి.

పోలీసోల కాగితాలు సదివినాది,
ఏలు పెట్టి, ఒక్కో వరసా.
పదకొండో పేజీ కాడ ఏలు ఆగిపోనాది.
"మీ తమ్ముడు సరుకు దేంతో తూస్తాడు?"
"కొక్కెం కాటాతో."
"ఎంత వరకు తూస్తుంది?"
"పది కిలోలు. ఆపైన ముల్లు తిరగదు."
"ఒక్క తూకంలో ఇరవై రెండు కిలోలు తూసి కొన్నానని
ఒప్పుకున్నట్టు రాశారిక్కడ.
కాటా కూడా వాళ్లే పట్టుకున్నారు. ఆరో వస్తువు."
నవ్వనేదు.
పెన్సిలుతో సన్నంగా గీత గీసినాది.

బంట్రోతు మూడుసార్లు పిలిసినాడు,
"సీపాన అసిరినాయుడూ" అని.
మాయమ్మ కొడతాకి పిలిసినప్పుడు కూడా
ఆడిని ఇంటిపేరుతో పిలవనేదు.
అంపోలు జైలు నుంచి తెచ్చినారు.
గెడ్డం మాసిపోయి, కాళ్లకి సెప్పుల్లేవు.
నన్ను సూసి, సూడనట్టు తల తిప్పుకున్నాడు.
సుభాషిణమ్మ లేచి నిలబడి
"ముద్దాయి తరఫున" అన్నాది.

తరఫున.
ముప్పై ఎనిమిదేళ్లొచ్చినాయి నాకు.
మా వోలి గురించి ఆ మాట
ఎవులూ అనగా ఇన్నేదు.

మాటాడినాది రెండు నిమిషాలు.
సగం ఇంగిలీసు. కాటా అన్నది మట్టుకు తెలిసినాది.
జడ్జీగారు కళ్లజోడు పైకి తోసుకుని
ఆ పేజీ తిప్పి సూసినారు.

బెయిలొచ్చినాది. కేసు పోనేదు.
పదిహేడుకి వాయిదా.
ఇద్దరు షూరిటీలు కావాలంటే
ఉల్లిపాయల షావుకారు ఒకడు,
రెండో మనిషి కోసం నాలుగు రోజులు
ఊరంతా గుమ్మాలు పట్టుకుని తిరిగినాను.
పన్నెండొందలు బల్ల మీద పెడితే ఎనక్కి తోసి,
"వాడికి చెప్పులు కొనండి.
రేపు తొమ్మిదికి రమ్మనండి, జరిగిందంతా చెప్పాలి.
మంచిదైనా, చెడ్డదైనా" అన్నాది.

సాయంత్రం మల్లీ గేటు పడిపోనాది.
కొత్త సెప్పుల్తో ఆడు, పక్కన నాను.
నువ్వే తీసినావేటిరా అని నానడగనేదు.
"ఆయమ్మ నన్ను నమ్మినాదా అప్పా?" అన్నాడు.
"తెల్దురా.
నీ కాటాని నమ్మినాది."

బండి పోతానే ఉంది.
ఆడు డబ్బాలు లెక్కెడతన్నాడు,
సిన్నప్పటిలాగ, పైకి.